చెయ్యి పడిన గిటారు

'ఒరిజినల్' అనే మాట నాకు గిట్టదు. ఆ మాట అడుగున మైల లెక్క ఒకటి దాగి ఉంటుంది. ఒక వస్తువు ఒరిజినల్ అంటే, పుట్టినప్పటి నుంచి దాని మీద ఇంకొకరి చెయ్యి పడలేదని అర్థం. చెయ్యి పడితే విలువ తగ్గుతుంది. ఎవరి చెయ్యి పడితే ఎంత తగ్గుతుందో, ఆ మైల ఎట్లా పోతుందో శాస్త్రాలు రాసి పెట్టుకున్న దేశం ఇది. ఇట్లాంటి దేశంలో వాడలో పుట్టినవానికి, అంగట్లో ఆ మాట వినబడితే చెవి అటు పోకుండా ఉండదు.

మా బతుకులు చెయ్యి పడిన వస్తువులతోనే గడిచినాయి. పై తరగతి పిల్లోళ్ల దగ్గర సగం ధరకు కొన్న పుస్తకాలతో చదువుకున్నాం. ఊర్లో పెద్దకులపోళ్ల పిల్లోళ్లకు పొట్టయిపోయిన నిక్కర్లు తొడుక్కున్నాం. మా నాయన తొక్కిన సైకిలు నాలుగో చేతిది. దాని చట్రం ఒక కంపెనీది, చక్రాలు ఇంకో కంపెనీవి, సీటు ఎవరిదో దేవునికే తెలియాల. అయినా అది మదనపల్లె సంతకు పోయి వచ్చేది, కాన్పు నొప్పులొచ్చిన ఆడమనిషిని ఆస్పత్రికి చేర్చేది. అది ఒరిజినలా కాదా అని మా పల్లెలో ఎవరూ అడగలేదు. నడుస్తుందా లేదా అనే అడిగినారు.

2023లో మదనపల్లెలో మా సంగం వాళ్లు ఒక పాత కరెంటు గిటారు కొనాలని పూనుకున్నప్పుడు ఈ మాట మళ్లీ ఎదురైంది. ఆ బేరంలో ఒక ధర్మసందేహం పుట్టింది. మాలో మేము చానా రోజులు కొట్లాడుకున్నాం. ఆ కొట్లాట గిటారుతో ఆగేది కాదు, అందుకే రాస్తున్నా.

మా సంగం చిన్నది. టొమాటో మార్కెట్లో క్రేట్లు ఎత్తే హమాలీలు, కాయలు ఏరే ఆడవాళ్లు, డిగ్రీ పిల్లోళ్లు, ఇద్దరు టీచర్లు. ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న పాటలు కడతాం, పాడతాం. నాలుగు పలకలుండాయి. గిటారు కావాలని అడిగింది ఒక ఆడపిల్ల. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదివి వచ్చింది, చర్చిలో గిటారు నేర్చుకుంది. నాలుగు పలకల నడుమ మామూలు గిటారు వాయిస్తే దాని నోరు దానికే వినబడదు. అందుకని కరెంటు గిటారు. 24 మందిమి తలా 500 వేసుకుంటే 12,000 అయింది. కాయలు ఏరే మనిషికి 500 అంటే ఒక రోజు కూలి కాదు, అంతకన్నా ఎక్కువే. ఆ సంగతి మనసులో పెట్టుకోండి, ముందుముందు అవసరమవుతుంది.

గిటారు కుప్పంలో ఉందని తెలిసింది. దాని యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. మనోడే. వాళ్ల నాయన కోలారు బంగారు గనుల్లో దిగిన కూలి. కుప్పానికీ కేజీఎఫ్‌కీ ఎంతో దూరం లేదు. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు పల్లెల నుంచి మాల మాదిగలు, పరయర్లు తరాల తరబడి ఆ గనుల్లోకి దిగినారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతు. ఆ గనుల యంత్రాలు తిప్పడానికి 1902లోనే కావేరి మీద శివనసముద్రం నుంచి కరెంటు తీగ లాగినారు. మా పల్లెల్లో అప్పటికి కిరసనాయిలు బుడ్డి కూడా గొప్పే. గనుల పైన దొరలకు, ఆంగ్లో ఇండియన్లకు క్లబ్బులు, డాన్సులు, బ్యాండ్లు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినాయి. బంగారం ఎవరికి పోయిందో మనకు తెలుసు. పెద్దాయనకు మిగిలింది ఈ గిటారు. ఆస్ట్రేలియాకు పోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం దగ్గర 1978లో కొన్నాడు. చర్చిలో, పెండ్లిళ్లలో, ఆర్కెస్ట్రాల్లో ముప్పై ఏండ్లు వాయించినాడు. ఇప్పుడు వేళ్లకు కీళ్లనొప్పులు. తీగ నొక్కితే పట్టు నిలవదు.

ఆ గిటారు చూస్తే ముందు ఎవరికైనా జాలి కలుగుతుంది. ఒకప్పుడు ఎర్ర రంగు. ముంజెయ్యి ఆనే చోట రంగు పోయి కట్టె బయటపడింది. మెడ వెనక బొటనవేలు జారిన దారి తెల్లగా, నున్నగా ఉంది. తలమీద కంపెనీ పేరు చెరిగిపోయింది. జపాన్‌లో 1960లలో చేసిన చవక రకం అని తెలిసినవాళ్లు అన్నారు. ఇంతవరకు అన్నీ పాతబడిన గుర్తులే. అసలు మార్పు పికప్‌లలో జరిగింది.

పికప్ అంటే కరెంటు గిటారుకు చెవి లాంటిది. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగను మీటితే అది ఊగుతుంది, దానితో అయస్కాంత బలం కదులుతుంది, రాగి చుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటును ఆంప్లిఫయరు పెంచి స్పీకరుకు ఇస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. బోరు మోటారులో కరెంటు పోతే ఇనుము తిరుగుతుంది. గిటారులో ఉక్కు ఊగితే కరెంటు పుడుతుంది. పని ఒకటే, దిక్కు వేరు.

కాబట్టే ఆ పికప్‌ను బాగుచేసింది పుంగనూరులో ఒక మోటారు వైండింగ్ షాపు మనిషి. 1980లలో లోపలి రాగి తీగ తెగి గిటారు మూగబోయింది. మద్రాసులో, బెంగళూరులో అడిగితే ఆ పార్టు దొరకదన్నారు. పెద్దాయన గిటారును గోనెసంచిలో చుట్టుకొని బస్సెక్కి పుంగనూరు పోయినాడు. బోర్లు ఎండి, మోటార్లు కాలిపోయి, చుట్టి చుట్టి చేతులు అరిగిన మనిషి ఆయన. గిటారు ఎన్నడూ ముట్టుకోలేదు. పికప్ విప్పి, పాత చుట్టను చుట్టు చుట్టుకూ లెక్క గట్టి, దానికన్నా ఇంకొన్ని చుట్లు ఎక్కువే చుట్టినాడు. చుట్లు పెరిగితే గొంతు లావవుతుంది. రెండో పికప్‌లో గుయ్యిమనే మోత ఉండేది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కదా, ఒంటి చుట్ట ఆ ఊపునంతా పట్టి మోత పెడుతుంది. అమెరికా గిటార్లలో రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ మోతను చంపుతారని పెద్దాయన ఎక్కడో చూసినాడు. అది 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు చేసిన యుక్తి. నోటిమాటగా చెబితే వైండింగ్ మనిషికి వెంటనే అర్థమైంది. పక్కన ఇంకో చుట్ట చుట్టి, అయస్కాంతం తిరగేసి పెట్టినాడు. దానికి చోటు చాలకపోతే వడ్రంగి ఉలితో కట్టె తొలిచినాడు. చుట్టలు కదిలి కీచుమనకుండా మైనంలో ముంచాలంటే, చర్చిలో కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించినారు. మొత్తానికి వైండింగ్ మనిషికి ఇచ్చిన కూలి 30 రూపాయలు.

మా ఆడపిల్ల వాయించి చూసింది. నాలుగు పలకల మధ్యలో ఆ గొంతు నిలబడింది. లావుగా, కొంచెం బొంగురుగా, ఊరి చివర నుంచి కేకేసినట్టు. అందరికీ నచ్చింది.

పెద్దాయన 16,000 అడిగినాడు. ఊరికే అడగలేదు. కాగితం తీసి లెక్క చెప్పినాడు. కొన్నది ఇంత, చుట్టించింది ఇంత, కట్టె పని ఇంత, అప్పటి రూపాయికీ ఇప్పటి రూపాయికీ తేడా ఇంత. "నేను దీనికి పెట్టిందే అడుగుతా ఉండా తమ్ముడా, ఒక్క పైసా లాభం లేదు" అన్నాడు.

అంతకుముందే ఆయన దాన్ని బెంగళూరులో పాత వాయిద్యాలు కొనే ఒక వ్యాపారికి చూపించినాడు. కుప్పం నుంచి రైలెక్కితే బెంగళూరు ఎంతసేపు! ఆ వ్యాపారి తలకాయ అడ్డంగా ఊపినాడంట. "పికప్‌లు ఒరిజినల్ అయ్యుంటే 40,000 ఇచ్చేవాణ్ణి. ఎవడో పాడుచేసినాడు. 7,000 ఇస్తా" అన్నాడంట. పెద్దాయన ఈ సంగతి దాచలేదు. ఆయనే చెప్పినాడు.

ఇక్కడ మా సంగంలో చీలిక వచ్చింది. ఒక టీచరు అన్నాడు: "అన్నా, ఈ పెద్దాయనకు వచ్చే ధర ఏడే. మనం ఎనిమిదిస్తే ఆయనకూ మేలు, మనకూ మేలు. మిగిలిన నాలుగు వేలతో ఆంప్లిఫయరు వస్తుంది. డబ్బు మనది కాదు, కూలోళ్లది. మన సొంత డబ్బయితే దానం చెయ్యొచ్చు, పదిమంది డబ్బుతో ధర్మాత్ములం కాకూడదు." ఇంకొక పిల్లోడు, 12,000 పెడితే అంగట్లో కొత్తదే వస్తుంది కదా అన్నాడు.

ఈ వాదన తేలికైనది కాదు. సంగం డబ్బు పట్టుకున్నవాడు పైసా పైసాకు జవాబు చెప్పాల. ఉద్యమాల్లో డబ్బు లెక్కలు ఎట్లా మనుషుల్ని విడగొట్టినాయో మనకు తెలియనిది కాదు. తక్కువకు వచ్చేదాన్ని ఎక్కువిచ్చి కొంటే, రోజు కూలి కన్నా ఎక్కువ వేసిన ఆ ఆడమనిషికి ఏం జవాబు చెప్తాం? ఇంకోపక్క పెద్దాయన కూడా ఆమె లాంటివాడే. ఒక కూలికి న్యాయం చేయాలంటే ఇంకొక కూలికి అన్యాయం చేయాల్నా? ఇదీ మా ముందున్న సందేహం.

ముడి విప్పింది ఒక హమాలీ. ఆయన అన్న మాట: "మండీలో మేం రోజూ చూసేది ఇదే కదన్నా. కాయకు మచ్చుందంటారు, మెత్తబడిందంటారు, రైతును కిందికి దింపుతారు. ఆ మచ్చకాయే లారీ ఎక్కి పోయి మంచి ధరకు అమ్ముడు పోతుంది. మచ్చ కాయ మీద ఉండదు, కొనేవాని నోట్లో ఉంటుంది." ఆ యేడే జూలైలో మదనపల్లెలో కిలో నూరు రూపాయలు దాటిన టొమాటో, సెప్టెంబరుకంతా పది రూపాయల దరిదాపుకు పడిపోయింది. కాయ అదే, ఎరుపు అదే, దాన్ని పండించిన చెమట అదే. ధర విలువ కాదని మా మార్కెట్ వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 'నీకు ఇంకెవరూ ఇంతకన్నా ఇవ్వరు, కాబట్టి ఇదే న్యాయమైన ధర' అనేది ఎవరి మాట? భూస్వామి మాట. ఊర్లో కూలి రేటు ఇంతే, ఇష్టముంటే రా లేకుంటే పో అన్నోడు మాట్లాడిన భాష అదే. వ్యాపారి చెప్పిన ఏడు వేలను చూపించి పెద్దాయనను దింపితే, ఆ భాష మన నోట్లోకి వచ్చినట్టే. మీటింగుల్లో కూలి రేట్ల పాటలు పాడి, కుప్పంలో ఆ భాష మాట్లాడితే పాటకు అర్థమేముంది? న్యాయమైన ధర ఇవ్వడం దానం కాదు. దానం అనే పేరు పెట్టి దాన్ని వదిలించుకోకూడదు.

అయితే ఆయన అడిగిందల్లా ఇవ్వాలనీ కాదు. ఇక్కడ ఒక తేడా పట్టుకోవాల. లోపం వేరు, మార్పు వేరు. గిటారు మెడ మీద ఫ్రెట్లు అరిగిపోయినాయి, కొన్నిచోట్ల స్వరం సరిగ్గా పలకదు, కొత్తవి వేయించాల. అది లోపం. ఆ మాట చెబితే పెద్దాయన ఒప్పుకొని 1,000 తగ్గించినాడు. పికప్ మార్పు మాత్రం లోపం కాదు. మూగబోయినదానికి నోరిచ్చిన పని అది. మోత పెట్టేదాన్ని శుభ్రంగా పలికించిన పని అది. మేము ఆ గిటారు కోరుకున్నదే ఆ గొంతు కోసం. ఏ పని వల్ల అది మాకు పనికొచ్చిందో, ఆ పని పేరు చెప్పి ధర తగ్గించమనడం ఏ న్యాయం?

వ్యాపారి దృష్టిలో మాత్రం ఈ రెండూ ఒకటే. ఎందుకు ఒకటే? ఇక్కడ కులం మాట రాక తప్పదు.

పుంగనూరు పేరు చెబితే ఇప్పుడు దేశమంతా పుంగనూరు ఆవును తలుచుకుంటుంది. మూడడుగుల ఎత్తు కూడా దాటని పొట్టి ఆవు, చిక్కని పాలు. డబ్బున్నోళ్లు ముచ్చటపడి లక్షలు పోస్తారు. బేరంలో మొదటి ప్రశ్న 'అచ్చమైన జాతేనా, కలిసిందా?' అని. ఆవుకు జాతి ఉంటే ఉండనీ, పశువుల డాక్టర్లు దానికి కొలతలు చెప్తారు. ఈ ప్రశ్న ఆవు దగ్గర ఆగలేదు, అదే మన గోడు. మనిషికీ అదే ప్రశ్న వేసినారు. అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో దీన్ని కొట్టేసినాడు. కలవని రక్తం ఈ దేశంలో ఏ కులానికీ లేదనీ, కులం రక్తశుద్ధి కోసం పుట్టిందనే మాట నిలవదనీ వాదించినాడు. రక్తంలో లేని శుద్ధిని కాగితంలో, కంచంలో, బావిగట్టు మీద నిలబెట్టుకున్నారు.

కాగితం సంగతి మా దగ్గర ఇంకా చోద్యం. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములనుకోండి. ఒకడు చర్చిలో బాప్తిస్మం తీసుకొని ఆ మాట కాగితం మీద రాయించుకున్నాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం వాడు ఇక షెడ్యూల్డు కులం కాదు. ఆ ఉత్తర్వులోకి 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో అట్లాంటివాడు బీసీ-సి, ఒక్క శాతం. ఊరు మాత్రం వాణ్ణి పాత కులం పేరుతోనే పిలుస్తుంది. టీకొట్టులో గ్లాసు మారదు, శ్మశానం దారి మారదు. మారినందుకు హక్కు తగ్గింది, మారినా మైల తగ్గలేదు. గిటారుకు కట్టిన లెక్క ఇదే కదా! మార్పు వల్ల వచ్చిన మేలును ఎవరూ లెక్కలోకి తీసుకోరు, మారిందనే నింద మాత్రం ధరలో కోత పెడుతుంది.

సరే, ఇన్ని మార్చినాక అది ఆ పాత గిటారేనా అని డిగ్రీ పిల్లోడొకడు అడిగినాడు. మంచి ప్రశ్నే. మిలింద రాజు భిక్షువు నాగసేనుణ్ణి అడిగిన ప్రశ్న లాంటిదే. అప్పుడు నాగసేనుడు రాజును ఎదురడిగినాడు: నువ్వు వచ్చిన రథమంటే ఏది? చక్రమా, ఇరుసా, కాడా? ఏదీ కాదు. అన్నీ కూడి ఉన్నప్పుడు దానికి రథమనే పేరు, అంతే. బౌద్ధులు ఈ మాట గ్రంథంలో రాసుకున్నారు. మా మాదిగపల్లెలో గ్రంథం లేకుండానే తెలుసు. మా తాత పలకకు తోలు ఎన్నిసార్లు మారిందో లెక్క లేదు. ఎండకు, వానకు, మంట సెగకు తోలు చినిగితే కొత్త తోలు బిగించేది. చట్రం కూడా ఒకసారి పగిలితే మార్చినారు. అయినా అది 'తాత పలకే'. ఇది ఒరిజినల్ పలక కాదు అన్నోడు మా పల్లెలో పుట్టలేదు. ఎందుకంటే పలక కట్టెలో తోలులో లేదు, కట్టేవాళ్ల వరసలో ఉంది.

మదనపల్లెలోనే ఇంకో ఉదాహరణ ఉంది. రవీంద్రనాథ్ ఠాగూరు 1919లో మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కళాశాలకు వచ్చినప్పుడు 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చినాడు. ఐర్లండు నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాసింది. 1911లో కలకత్తాలో మొదట పాడిన పాట, మదనపల్లెలో ఇంకొకరి చెయ్యి పడింది. ఆ పాట విలువ తగ్గిందని ఎవరూ అనరు, మా ఊరు గర్వంగా చెప్పుకుంటుంది. అంటే చెయ్యి పడటం తప్పు కాదు. ఎవరి చెయ్యి అన్నదే అడుగుతారు. కళాశాల ఆవరణలో పడిన చెయ్యి చరిత్ర అయింది, పుంగనూరు వైండింగ్ షాపులో పడిన చెయ్యి 'పాడుచేయడం' అయింది.

ఇదే సంగతిని మృదంగంలో చూడొచ్చు. మృదంగం కడితే ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు కావాల. వాటిని కట్టేవాళ్లలో చానామంది దళిత క్రైస్తవులు. కచేరీలో వాయించినోని పేరు మోగుతుంది, కట్టినోని పేరు వినబడదు. గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ఆ కట్టేవాళ్ల మీద 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాస్తే, దాని ఆవిష్కరణకు మొదట ఒప్పుకున్న చెన్నై కళాక్షేత్ర తర్వాత కాదంది. చేతుల పేర్లు బయటికి రావడం అంత ఇబ్బంది!

'సరే అన్నా, అరుగుదల గొప్పదే అనుకుందాం' అని ఎవరైనా అంటే అదీ నేనొప్పుకోను. అరుగుదలను కూడా అమ్ముకునే కాలం ఇది. ఫెండర్ కంపెనీ 1995 నుంచి 'రెలిక్' అని కొత్త గిటార్లను కావాలని గీకి, రంగు లేపి, తుప్పు పట్టించి, మామూలు గిటారు కన్నా ఎక్కువ ధరకు అమ్ముతా ఉంది. వాయించకుండానే వాయించిన గుర్తులు. చినిగిన జీన్సు వెయ్యి రూపాయలు పెట్టి కొన్నట్టే. డబ్బున్నోనికి చినుగు అలంకారం, లేనోనికి చినుగు సిగ్గు. కాబట్టి గుర్తుకు విలువ లేదు. ఆ గుర్తు వేసిన శ్రమకే విలువ. పెద్దాయన ముంజేతి కింద ముప్పై ఏండ్లు అరిగిన రంగు వేరు, ఫ్యాక్టరీలో కాయితం పెట్టి గీకిన రంగు వేరు. కండ్లకు రెండూ ఒకటిగానే కనబడొచ్చు. న్యాయానికి ఒకటి కావు.

మా వాళ్లలో ఇంకొక అభ్యంతరం వచ్చింది. మన వాయిద్యం పలక ఉండగా తెల్లోళ్ల గిటారు ఎందుకు, అచ్చంగా మనదే ఉండాల కదా అని. ఈ బాధ నాకు అర్థమవుతుంది. మా తాత తరం వెట్టికి పలక కొట్టింది. మా నాయన తరం ఇక ఊరి చావులకు కొట్టమని పలకను అటకెక్కించింది. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం దాన్ని అటక మీది నుంచి దించి వీధిలో నిలబెట్టింది. అంత కష్టపడి తెచ్చుకున్న పలక పక్కన ఇంకో వాయిద్యం నిలబడితే కడుపులో కలుక్కుమంటుంది. కానీ 'అచ్చంగా మనదే' అన్నప్పుడు మళ్లీ ఆ ఒరిజినల్ భూతమే మన భుజమెక్కుతుంది. కరెంటు గిటారు అమ్మకానికి వచ్చింది 1932లో, అమెరికాలో. దానికి గొంతు ఇచ్చినోళ్లలో నల్లజాతి వాళ్లు ముందుండారు. మిసిసిపీ పత్తి తోటల్లో పనిచేసిన మడ్డీ వాటర్స్ 1943లో షికాగో చేరినాడు, అక్కడి సందడిలో మామూలు గిటారు వినబడక కరెంటు గిటారు పట్టినాడు. సిస్టర్ రొసెట్టా థార్ప్ అనే నల్ల ఆడమనిషి చర్చి పాటను కరెంటు గిటారు మీద పలికించింది. మా ఆడపిల్ల అడిగింది కూడా అదే కారణానికి కదా, సందడిలో వినబడాలని! చెన్నైలో 2017లో మొదలైన 'కాస్ట్‌లెస్ కలెక్టివ్' పరై డప్పును, గిటారును ఒకే వేదిక మీద నిలబెట్టింది. గిటారు వస్తే పలక పోదు. పలకను పక్కకు తోసి గిటారును ముందు పెడితే పోతుంది. అది మన చేతిలో ఉన్న పని.

చివరికి తీర్మానం చేసింది 24 మందీ కూర్చున్న చోట. డబ్బు వేసినోళ్లను అడగకుండా మేము నలుగురం నిర్ణయించుకోవడం సరి కాదు. వివరం అంతా చెప్పినాం. ఏడు వేల సంగతీ చెప్పినాం, కొత్తది పన్నెండు వేలకు వస్తుందన్న సంగతీ చెప్పినాం. కాయలు ఏరే ఆమె అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది: "ఆ తీగ చుట్టినాయనకు ఎంతిచ్చినారు?" ముప్పై అని చెబితే, "ఆ ముప్పై ఈ పొద్దు ఎంతవుతుందో కట్టండి, దాన్ని గూడా కోసేస్తే ఎట్ల?" అనింది. టీచరు వ్యతిరేకంగానే చెయ్యెత్తినాడు. ఇంకో ముగ్గురు ఆయనతో కలిసినారు. మిగిలిన ఇరవై మంది 15,000 ఇద్దామన్నారు. 12,000 ముందు ఇచ్చి, 3,000 మూడు నెలల్లో ఇస్తామంటే పెద్దాయన సరేనన్నాడు. మాట తప్పకుండా ఇచ్చినాం. ఆంప్లిఫయరు ఇప్పటికీ అద్దెకే తెచ్చుకుంటున్నాం. వ్యతిరేకించిన టీచరే ఆ అద్దె లెక్క రాస్తాడు, ప్రతిసారీ ఆ నాలుగు వేల మాట గుర్తు చేస్తాడు. చేయనీ, సంగానికి అట్లాంటి మనిషి కూడా కావాల.

న్యాయమైన ధర ఎప్పుడూ ఇట్లాగే తేలుతుందని నేను చెప్పను. మా దగ్గర పన్నెండు కాక ఆరు వేలే ఉండి ఉంటే, ఆ గిటారు మాకు అందేది కాదు. అప్పుడు వదిలేసి రావాలే గాని, ఆయన పనికి మచ్చ పెట్టి దింపే హక్కు మాకు రాదు. మన పేదరికం ఇంకొక పేదవాని శ్రమకు కోత పెట్టే పత్రం కాదు. కొనే శక్తి లేదని చెప్పడంలో సిగ్గు లేదు. నీ వస్తువుకు విలువ లేదని చెప్పడంలో ఉంది.

గిటారు సంచిలో ఒక నోటుపుస్తకం పెట్టినాం. ఏ సంవత్సరం, ఏ ఊరిలో, ఎవరు ఏ పని చేసినారు, ఎంత కూలి ఇచ్చినాం అని అందులో రాస్తాం. మొదటి పేజీలో పుంగనూరు వైండింగ్ పని, వడ్రంగి పని, కొవ్వొత్తి మైనం సంగతి పెద్దాయన చెప్పినట్టే ఎక్కించినాం. రెండో పేజీలో మదనపల్లెలో వేయించిన కొత్త ఫ్రెట్ల లెక్క ఉంది. దీన్ని ఇంకెవరైనా కొనేరోజు వస్తే, ఆ పుస్తకం చూసి ఒక్కొక్క పేజీకి ధర తగ్గిస్తారో పెంచుతారో, వాళ్లు ఎట్లాంటి మనుషులో దాన్నిబట్టి మన పిల్లోళ్లకు తెలుస్తుంది.